నాలుగో పేజీలో కొట్టేసిన వాక్యం

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను తప్పకుండా ఒకటి అడుగుతారు. "ఇన్నేళ్ళ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేంటి మేడమ్?" అని. శాంపిళ్ళు తారుమారు చేశాననో, మెషీను కాల్చేశాననో చెబుతానని వాళ్ళ ఆశ. ఆ రెండూ చేయలేదు. నా పెద్ద తప్పు ఒక ఈమెయిలుకు "ఓకే" అని జవాబివ్వడం. ఇలా అంటే వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. అందుకే కథంతా ఒకసారి రాసి పెడుతున్నాను.

నేను పనిచేసింది హైటెక్ సిటీలో ఒక పెద్ద ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో, ల్యాబ్ సూపర్‌వైజరుగా. ఇల్లు బోరబండ. రైలెక్కితే ఒక్క స్టేషన్. ఇంట్లో తాగిన టీ రుచి నాలుక మీద పోకముందే ల్యాబులో ఉండేదాన్ని. ఆ ఒక్క స్టేషన్ దూరంలోనే భాష మాత్రం మొత్తం మారిపోయేది. బోరబండలో కాన్పు అయ్యేది, ఇక్కడ 'బర్తింగ్ ఎక్స్‌పీరియెన్స్' జరిగేది. బోరబండలో పేషెంటు, ఇక్కడ 'గెస్ట్'. గెస్టులకు నొప్పులు వస్తాయని ఒప్పుకోవడానికి కూడా మావాళ్ళు మొహమాటపడేవారు.

మా ల్యాబులో పుట్టిన పిల్లలకు ఒక పరీక్ష చేసేవాళ్ళం. రెండో రోజో మూడో రోజో మడమ దగ్గర చిన్నగా గుచ్చి, నాలుగు చుక్కల రక్తం ఒక మందపాటి కాగితం మీద పట్టి, ఆరబెట్టి చూస్తాం. పైకి చక్కగా కనిపించే బిడ్డలో లోపల ఏదైనా తేడా ఉంటే, అది బయటపడి నష్టం చేయకముందే పట్టుకోవాలని. చాలామందికి ఏమీ ఉండదు. ఎవరో ఒకరికి ఉంటుంది. ఆ ఒకరి విషయంలో ప్రతిరోజూ లెక్కే.

ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పడానికి మా పిల్లల డాక్టరమ్మ రాసిన జిరాక్సు కాగితం ఒకటి ఉండేది. అందులో జబ్బుల పేర్లు ఒక్కోటీ రైలుపెట్టెంత పొడుగు. ఒక తండ్రి ఆ జాబితా పూర్తిగా చదివి, "ఇవన్నీ మా వాడికి వచ్చినయా?" అని వార్డు గుమ్మంలోనే కూలబడ్డాడు. మొహాన నీళ్ళు చల్లి లేపాం. ఆ మర్నాడే పైనుంచి ఆజ్ఞ వచ్చింది, తల్లిదండ్రులను భయపెట్టని మంచి బ్రోచర్ కావాలని. దానికి ఒక కమిటీ. బ్రాండ్ మేనేజరు, లీగల్ ఆయన, డిజైన్ అమ్మాయి, డాక్టరమ్మ, నేను. తప్పుల్లేకుండా తెలుగు రాసేది నేనొక్కదాన్నేనని నన్ను వేశారు. డాక్టరమ్మ మొదటి మీటింగుకు వచ్చి, "మీరున్నారుగా" అని వెళ్ళిపోయింది. తెలివైన మనిషి.

నేను ఒక రిపోర్టు ఫారం వెనక నాలుగు వాక్యాలు రాసుకుపోయాను. "మీ బిడ్డ మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి పరీక్ష చేస్తాం. బిడ్డ ఆరోగ్యంగా కనిపించినా ఈ పరీక్ష అవసరం. ఏదైనా తేడా ఉంటే ఫోన్ చేస్తాం. ఫోన్ వస్తే వెంటనే బిడ్డను తీసుకుని రండి." ఇంతే. చదివి, పని అయిపోయిందనుకుని లేవబోయాను.

"సూపరండి మేడమ్," అన్నాడు బ్రాండ్ మేనేజరు. కాకినాడ వైపు కుర్రాడు, ఎంత మర్యాదంటే గోడకు తగిలినా సారీ అండి అనేవాడు. "కానీ 'రక్తం' అనే మాట కొంచెం నెగెటివ్ అండి."

గోడ మీద తెర వెలిగింది. అందులో వాడకూడని మాటల పట్టిక. రక్తం, సూది, గుచ్చడం, జబ్బు, లోపం, ఏడుపు, నొప్పి. చివర 'మళ్ళీ' అని కూడా ఉంది.

"మళ్ళీ అన్న మాట ఏం పాపం చేసింది బాబూ?" అన్నాను.

"మళ్ళీ అంటే మొదటిసారి మనం సరిగా చేయలేదని అర్థం వస్తుంది కదండీ."

ఈ మాటలేవీ లేకుండా రక్తపరీక్ష గురించి ఎనిమిది పేజీలు రాయాలి. నేను మూడో వెర్షన్ దగ్గరే చేతులెత్తేస్తే వాళ్ళే రాయించుకున్నారు. చివరికి మడమ గుచ్చడం కాస్తా 'మీ బుజ్జాయి చిట్టి పాదం నుంచి ఒక చిన్న జ్ఞాపకం' అయి కూర్చుంది. అట్ట మీద బొమ్మ సంగతి మరీ ఘోరం. నీలికళ్ళ పాప, కాళ్ళకు ఊలు బూట్లు.

"ఏందమ్మా ఇది? మడమ పరీక్ష కాయితం మీద మడమనే లేకపాయె," అన్నాను డిజైన్ అమ్మాయితో.

"ఉత్త మడమ చూపిస్తే హాస్పిటల్‌లా అనిపిస్తుంది ఆంటీ."

"మనది హాస్పిటలే కద బిడ్డా?"

ఆ అమ్మాయి జాలిగా నవ్వింది. నాలాంటి వాళ్ళకు కొన్ని విషయాలు ఎప్పటికీ అర్థం కావని ఆ నవ్వులో ఉంది.

లీగల్ ఆయన ఎనిమిదో పేజీ అడుగున చీమల బారులాంటి అక్షరాలతో ఒక వాక్యం చేర్చాడు. 'ఈ బ్రోచర్ చదవడం వల్ల కలిగే ఏ అవగాహనకూ యాజమాన్యం బాధ్యత వహించదు.' దీన్ని మాత్రం ఎవరూ మార్చమనలేదు. తర్వాత బ్రోచర్‌ను జనంతో చదివించి చూడాలన్నారు. మంచిదే కదా అని సంబరపడ్డాను. ఆ జనం ఎవరయ్యా అంటే మా కాల్ సెంటరు పిల్లలు, ఒక్కరికీ పెళ్ళి కాలేదు. పేపరు బాగుందని, రంగు బాగుందని మెచ్చుకున్నారు. పరీక్ష దేనికని అడిగితే ఒకమ్మాయి, "పాదం ముద్ర తీస్తారు కదండీ?" అంది. ఆ జవాబును 'పాజిటివ్' అన్న గడిలో వేశారు.

ఇంత జరుగుతున్నా నేను ఒకే ఒక్క వాక్యం కోసం కొట్లాడాను. 'బిడ్డ ఆరోగ్యంగా కనిపించినా ఈ పరీక్ష అవసరం.' మిగతా పేజీలన్నీ ఏమైపోయినా ఈ వాక్యం ఉంటే చాలనుకున్నాను. తొమ్మిదో వెర్షన్లో తీసేస్తే పెట్టించాను. పదో వెర్షన్లో మళ్ళీ తీసేశారు, మళ్ళీ పెట్టించాను. పద్నాలుగో వెర్షన్ మెయిల్లో వచ్చింది. మూడింటిలోగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని కింద రాశారు. నాలుగో పేజీ తెరిచాను. 'మీ బుజ్జాయి ఆరోగ్యంగా కనిపిస్తే దిగులు పడాల్సిన అవసరమే లేదు' అని ఉంది. నా వాక్యాన్ని పట్టుకుని తలకిందులు చేశారు.

చూశాను. చూడలేదని బుకాయిస్తే మీరు నమ్ముతారేమో కానీ నేను నమ్మను. అప్పుడు టైము మూడుకు పది నిమిషాలు. ముందర శాంపిళ్ళ ట్రే, వెనక ఫోను మోగుతోంది. ఒళ్ళంతా విసుగు. ఇలాంటి బ్రోచర్లు ఎవరు చదువుతార్లే అనుకున్నాను. ఓకే అని కొట్టి పంపేశాను. జవాబివ్వకుండా ఊరుకున్నా వాళ్ళ పని జరిగిపోయేది. వాళ్ళు అడక్కుండానే నేను సంతకం పెట్టిచ్చినదాన్నయ్యాను.

బ్రోచర్ విడుదల రోజున కేకు తెప్పించారు. చిట్టి పాదం ఆకారంలో, ఐదు వేళ్ళతో, మనిషి బారు ఉంది. పెద్దసారు కత్తి పట్టుకుని ఎక్కడ కోయాలని అడిగాడు. వేళ్ళు కోస్తే బాగుండదన్నారు ఎవరో. మడమ దగ్గర కోయండి సార్, సబ్జెక్టుకు తగ్గట్టు ఉంటుందన్నారు ఇంకొకరు. కోశాడు. లోపల స్ట్రాబెర్రీ జామ్ దట్టంగా పెట్టారని ఎవరికీ తెలియదు. తెల్లటి మడమ నుంచి ఎర్రగా కారి బల్ల మీది గుడ్డంతా తడిసింది. చప్పట్లు కొట్టే చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఎనిమిది పేజీల్లో ఒక్క చుక్క కనబడకుండా దాచిన రక్తమంతా అక్కడ ఉంది. నేను మాత్రం ఆపుకోలేక ఫక్కున నవ్వాను. ఆ ఏడాది నా అప్రైజల్లో 'టీమ్ స్పిరిట్ తక్కువ' అని రాశారు.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. రెండు వారాలకు ఒక పాప రిపోర్టు నా చేతికొచ్చింది. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానం. ఇంకోసారి రక్తం తీసి రూఢి చేసుకోవాలి. ఉంటే రోజుకో చిన్న మాత్ర, నలిపి పాలల్లో వేసేది, అంతే వైద్యం. కానీ త్వరగా మొదలుపెట్టాలి. వారాలు గడిస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. పాపకు ఆ రోజు పదో రోజు. ఫోన్లు చేసే కౌన్సిలర్ సెలవులో ఉందని నేనే చేశాను.

మూడుసార్లు కట్ చేశాడు తండ్రి. నాలుగోసారి ఎత్తి, "క్రెడిట్ కార్డు వద్దండి, లోన్ వద్దు, ప్లాటు కూడా వద్దు," అన్నాడు.

"నాకు గూడ వద్దు బాబూ. మీ పాప పుట్టిన దవాఖాన నుంచి మాట్లాడుతున్న. పాపను ఇయ్యాలనే ఒకసారి తీసుకొని రావాలె. రక్తం ఇంకోసారి చూడాలె."

"పాప బానే ఉంది మేడమ్. అసలు ఏడవనే ఏడవదు. అంత మంచి పాప."

బిడ్డ ఏడవకపోవడం కూడా ఈ జబ్బుకు ఒక గుర్తు. అందుకే తొందరగా రమ్మంటున్నానన్నాను. ఒక్క నిమిషం అన్నాడు. దళసరి కాగితం తిప్పిన చప్పుడు వినబడింది.

"మేడమ్, మీ బ్రోచర్ నాలుగో పేజీ, రెండో పేరా. 'మీ బుజ్జాయి ఆరోగ్యంగా కనిపిస్తే దిగులు పడాల్సిన అవసరమే లేదు.' మా పాప ఆరోగ్యంగా కనిపిస్తోంది. డాక్యుమెంట్ ప్రకారం ఇది క్లోజ్ కదా?"

ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాడట. వాళ్ళ మెషీన్లు రోజూ బోలెడు తప్పులు చూపిస్తాయట, సగానికి పైగా ఉత్తవేనట. నేను ఓకే అన్న వాక్యంతోనే నన్ను వాదనలో ఓడించాడు. ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డను గడప దాటించరు, అత్తగారికి పట్టింపు, ఆ తర్వాత వస్తామని పెట్టేశాడు. ఇంకా పదకొండు రోజులు.

పరుగున బ్రాండ్ మేనేజరు దగ్గరికి వెళ్ళి నాలుగో పేజీ తప్పని చెప్పాను. పాపం, కంప్యూటర్ తెరిచి నా మెయిలే నాకు చూపించాడు. "మీరు ఓకే అన్నారు కదండీ," అన్నాడు, నొప్పించకుండా. అంత నొప్పి నాకు ఎవరూ కలిగించలేదు.

డాక్టరమ్మ కూడా ఫోన్ చేసి చూసింది. మీటింగులో ఉన్నానని ఆ తండ్రి నుంచి మెసేజ్ వచ్చింది. "మీరు వెళ్ళి తీసుకురండి. నా కారు తీసుకెళ్ళండి," అంది. బయటికి నడుస్తుంటే లీగల్ ఆయన ఎదురొచ్చాడు. "ఇంటికి వస్తామని బ్రోచర్లో లేదే మేడమ్!"

"బ్రోచర్ల లేనియి శానా ఉన్నయి సార్," అని కారెక్కాను.

నిజాంపేటలో వాళ్ళ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ ఇంటివాళ్ళ అనుమతి కోసం ఫోన్లో నా వివరాలు కొట్టబోయి ఆగిపోయాడు. "దవాఖాన అని లేదమ్మా ఇండ్ల. డెలివరీ, క్యాబ్, పనిమనిషి, రిపేర్... గివే ఉన్నయి." గెస్ట్ అని కొట్టాడు. జవాబు లేదు. ఇంకోసారి కొట్టాడు. లేదు. అప్పుడు వాడికే తట్టింది. "వాషింగ్ మెషీన్ ఖరాబైందని పొద్దుగాల్ల నుంచి పరేషాన్ చేస్తుండు ఆ సారు." రిపేర్ అని కొట్టాడు. ఫోను కింద పెట్టకముందే ఆకుపచ్చగా వెలిగింది.

తలుపు తీసిన తండ్రి చెవుల మీద హెడ్‌ఫోన్లు, ఇంటి నుంచే పని. నా చేతిలోని సంచీ చూసి, "మెషీన్ బాల్కనీలో ఉందండి, నీళ్ళు దిగట్లేదు," అని మీటింగులోకి వెళ్ళిపోయాడు. నేను బాల్కనీకి పోలేదు. పాప ఉన్న గదిలోకి పోయాను.

మంచం మీద తల్లి పడుకుని ఉంది. కింద చాప మీద అమ్మమ్మ, ఒళ్ళో పాప. పాప కళ్ళు సగం మూసి, కదలకుండా, బొమ్మలా ఉంది. అమ్మమ్మ చేతిలో మా బ్రోచర్. దానితోనే పాపకు మెల్లగా విసురుతోంది. ఆ దళసరి కాగితం దేనికైనా పనికొచ్చిందంటే దానికే.

నేనెవరో చెప్పాను. అమ్మమ్మది అనంతపురం వైపు. విసరడం ఆపి నా వైపు చూసింది.

"ఏమ్మా, ఈ పుస్తకం ఎవురు రాసినారు? మూడు తూర్లు చదివినా. అదేం పరీక్షో, ఎందుకు చేసినారో యాడా లేదే."

"నేను చిన్న పాదం ముద్ర అనుకున్నానండి," అంది తల్లి, లేచి కూర్చుంటూ. తలగడ పక్కన ఆల్బం తెరిచి చూపించింది. మొదటి పేజీలో పాప పేరు రాసేందుకు గీత, దాని కింద ఖాళీ చతురస్రం. "మీరిచ్చే జ్ఞాపకం అతికిద్దామని ఉంచాను."

ఆ ఖాళీ గడి చూశాక నా వల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మమ్మ చేతిలోంచి బ్రోచర్ తీసుకుని, సంచీలోంచి పెన్ను తీసి, నాలుగో పేజీలో ఆ వాక్యాన్ని రెండుసార్లు గట్టిగా కొట్టేశాను. పైన ఉన్న కాస్త చోటులో, మోకాలి మీద పెట్టుకుని గబగబా, 'బిడ్డ ఆరోగ్యంగా కనిపించినా ఈ పరీక్ష అవసరం. ఫోన్ వస్తే వెంటనే రండి' అని రాశాను.

"రాసింది వేరేటోళ్ళమ్మా. తప్పని తెలిసి గూడ సరే అన్నది నేను," అన్నాను.

అప్పటికి తండ్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మమ్మ నేను రాసింది చదివింది. పాప ముఖం చూసింది.

"మా చిన్నాయన కొడుకు ఇట్లే ఉన్న్యాడు," అంది. "ఏడ్సేవాడు కాదు. అందురూ బంగారట్లాంటి బిడ్డ అనిరి. ఇప్పుడు వానికి నలభై ఏండ్లు పైన. ఇప్పటికీ వాళ్ళమ్మే అన్నం కలిపి పెడతాది. బిడ్డన్నాక ఏడ్సల్ల కదా అని నేను మొన్ననే అంటి. పుస్తకంలో ఏం భయం ల్యాదని రాసినారు అత్తా అన్న్యాడు మా అల్లుడు."

"అత్తయ్యా, ఇరవై ఒకటో రోజు..." అన్నాడు తండ్రి.

"ఆ పట్టింపు బిడ్డ మంచికి పెట్టుకున్న్యాము, చెడుపుకు కాదు. పాపను నేను ఎత్తుకుంటా, నువ్వు సంచి తీసుకో. పద."

ఐదు నిమిషాల్లో కారులో ఉన్నాం. తండ్రి మెడలో హెడ్‌ఫోన్లు అలాగే వేలాడుతున్నాయి, అందులోంచి ఎవరో ఆయన పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారు. దాన్ని పట్టించుకోకుండా, "నేను చదివానండి. మొత్తం చదివాను," అన్నాడు.

"చదివినవ్ బాబూ. తప్పు చదివినోనిది కాదు," అన్నాను.

రెండో పరీక్ష అనుమానాన్ని నిజం చేసింది. ఆ మర్నాటి నుంచే పాపకు మాత్ర మొదలైంది. నెల తిరక్కుండానే పాప ఇల్లెగిరిపోయేలా ఏడుస్తోందని అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్లో ఏడుపు విని ల్యాబులో అందరం సంబరపడ్డాం. ఏడుపు అన్న మాట మా పట్టికలో నిషేధమని అప్పుడెవరికీ గుర్తురాలేదు.

ఇక బ్రోచర్. కొత్తగా అచ్చేయాలంటే కొత్త వెర్షన్, దానికి కమిటీ, కమిటీకి పద్నాలుగు మీటింగులు. దారి చూపింది లీగల్ ఆయనే. కొత్త వాక్యం ముద్రించాలంటే అనుమతి కావాలి గానీ, ముద్రించిన తప్పును సిబ్బంది చేత్తో దిద్దితే ఎవరి అనుమతీ అక్కర్లేదట. స్టోర్‌రూమ్‌లో ఐదు అట్టపెట్టెలున్నాయి. భోజనాల వేళ నేనూ వార్డు నర్సులూ పెన్నులు పట్టుకుని కూర్చున్నాం. నాలుగో రోజు బ్రాండ్ మేనేజరు స్కేలు తెచ్చుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, ఒక్కో గీతా తిన్నగా కొట్టాడు.

అప్పుడొక వింత జరిగింది. అప్పటిదాకా ఆ బ్రోచర్‌ను తిరగేసి పక్కన పెట్టేవాళ్ళంతా నాలుగో పేజీ దగ్గర ఆగడం మొదలుపెట్టారు. అచ్చులో ఉన్నదాన్ని ఎవరూ చదవరు గానీ, కొట్టేసినదాన్ని చదవకుండా మనిషన్నవాడు ఉండలేడు. "ఇదెందుకు కొట్టేసిండ్రు సిస్టర్?" అని అడిగేవారు. నర్సు చెప్పేది. మేం ఎనిమిది పేజీల్లో చెప్పలేకపోయినదాన్ని ఆ ఒక్క గీత చెప్పించింది. తర్వాతి ముద్రణలో మావాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ వాక్యాన్నీ, దాని మీద కొట్టివేతనూ, పైన నా కోడికాళ్ళ రాతనూ, అన్నింటినీ యథాతథంగా అచ్చేశారు. అవార్డుకు కూడా పంపారు, డిజైన్ విభాగంలో.

నేను రిటైరై రెండేళ్ళయింది. మొన్న ఆ పాప పుట్టినరోజుకు పిలిస్తే నిజాంపేట వెళ్ళాను. ఆరేళ్ళు నిండాయి. పొద్దున్నే మాత్ర తనే అడిగి వేసుకుంటుందట. ఆల్బం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. మొదటి పేజీలోని ఆ చతురస్రంలో నాలుగో పేజీ ముక్క అతికించి ఉంది, ఆ రోజు నేను కొట్టేసినదే. అంచున అమ్మమ్మ విసిరిన మడత ఇంకా ఉంది.

పాప వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ముందు కొట్టేసిన వాక్యమే చదివింది, అందరిలాగే. తర్వాత నా రాత మీదికి వచ్చింది. "బి...డ్డ... ఆ...రో...గ్యం...గా..." చివరిదాకా చదివి, తలెత్తి నన్ను పరీక్షగా చూసింది.

"ఇది నువ్వే రాసినావా? నీ రైటింగ్ అస్సలు బాలేదు. మా మిస్ అయితే మళ్ళీ రాయమంటుంది."

"ఏమే, పెద్దోళ్ళతో అట్లేనా మాట్లాడేది?" అని అమ్మమ్మ గదమాయించింది.

మాట్లాడనీ అమ్మా అన్నాను. కళ్ళు తుడుచుకుని, పాప ఇచ్చిన పెన్సిల్‌తో ఆ వాక్యం మళ్ళీ రాశాను.